చెప్పకూడని వారి జాబితా

మా ఏరువపాలెం వంద పడకల ఆసుపత్రిలో నన్ను అటెండరుగా వేశారు గానీ, ఇరవై మూడేళ్ళుగా నేను చేసింది ఒక్కటే పని. ఓపీ వరండాలో నిలబడి పేర్లు పిలవడం. దేవుడు నాకు చదువు పెద్దగా ఇవ్వకపోయినా గొంతు ఇచ్చాడు. నేను "రోశమ్మా!" అని కేకేస్తే రోడ్డవతల బస్సెక్కబోతున్న రోశమ్మ కూడా దిగి వచ్చేది. ఒకే పేరుతో నలుగురు లేచి నిలబడితే జబ్బు చేర్చి పిలిచేవాణ్ణి. షుగరు రోశమ్మ, మోకాళ్ళ రోశమ్మ, గజ్జి రోశమ్మ. ఎవరికి వాళ్ళు సర్దుకుని లోపలికి పోయేవారు. అది తప్పని నాకెవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు. గజ్జి రోశమ్మ మాత్రం ఆ తర్వాత మా ఆసుపత్రికి రాలేదు. ఎందుకు రాలేదో చాలా ఏళ్ళ తర్వాత గానీ నా బుర్రకెక్కలేదు.

అందుకని రోగుల సంగతులు రహస్యంగా ఉంచాలని పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు నేను మనస్ఫూర్తిగా సంతోషించాను. ఉత్తర్వుతోపాటు దాన్ని అమలు చేయడానికి ఏకాంబరం గారు కూడా వచ్చారు. హోదా ప్రత్యేక గోప్యతాధికారి. అంతకుముందు ఏ శాఖలో చేశారని అడిగితే చెప్పలేదు. ఆ విషయంలో ఆయన్ను తప్పుపట్టలేం. మా సూపరింటెండెంటు గారికి రిటైర్మెంటు ఎనిమిది నెలల్లో ఉంది కనుక ఎవరు ఏ కాగితం ముందు పెట్టినా సంతకం చేసేవారు.

మొదటి రోజే ఏకాంబరం గారు మా అందరినీ కూర్చోబెట్టారు.

"రోగి యొక్క వ్యాధి రోగి యొక్క స్వంత ఆస్తి. దానిని అతని సమ్మతి లేనిదే అన్యులకు అందజేయుట నేరము. గోప్యతకు భంగము కలిగించిన సిబ్బందికి మెమో జారీ చేయబడును. ఎవరు, ఎవరి సంగతి, ఏమని వెల్లడించినదీ సమస్త వివరములతో సదరు మెమో బోర్డుపై ప్రదర్శింపబడును. తద్వారా ఇతరులకు గుణపాఠము కలుగును."

ఆ సాయంత్రమే వరండాలో అద్దాల తలుపున్న కొత్త బోర్డు బిగించారు. పైన "గోప్యతా ఉల్లంఘనలు" అని రాయించి, తాళం వేసి, తాళంచెవి ఆయన జేబులో వేసుకున్నారు.

మొదటి దెబ్బ నా గొంతు మీద పడింది. పేర్లు బహిరంగంగా పిలవకూడదన్నారు. టోకెన్లు ఇద్దామండీ అన్నాను. "అంకె కూడ వ్యక్తిగత సమాచారమే. నలభై ఏడు ఎవరో నలభై ఆరుకు తెలిసిపోవును" అన్నారు. కాబట్టి నేను ఒక్కొక్కరి దగ్గరికి పోయి చెవిలో పేరు చెప్పి, మీరేనా అని అడగాలి. రోజుకు మూడొందల మంది. ఒక మనిషి దొరకాలంటే నలభై చెవులు తిరగాలి. రెండో రోజు ఒక కొత్త పెళ్ళికూతురి చెవిలో "సుగుణమ్మేనా?" అన్నాను. ఆమె మొగుడు లేచి నా చొక్కా పట్టుకున్నాడు. అసలు సుగుణమ్మ ఎనభై ఏళ్ళ ముసలామె. వెతుకుతున్నది తన కోసమేనని తెలియక, వెనక బెంచీలో కూర్చుని ఆ తమాషా చూసి నవ్వుతోంది.

ఇదంతా నవ్వులాటగానే పోయేది, పెంచలమ్మ సంగతి లేకపోతే.

ఆసుపత్రి గేటు ఎదురుగా, సైకిల్ స్టాండు పక్కన పెంచలమ్మ ఇడ్లీ బండి ఉంది. పద్నాలుగేళ్ళ బండి. పత్యం వాళ్ళకు కారం తగలకుండా మెత్తటి ఇడ్లీ విడిగా తీసేది. రాత్రి డ్యూటీ దిగిన నర్సమ్మలకు అడక్కుండానే అల్లం చట్నీ రెండోసారి వేసేది. నాకు షుగరుందని మా ఆవిడకు కూడా చెప్పలేదు, మైసూరుపాకు మానిపిస్తుందని. పెంచలమ్మకు మాత్రం తెలుసు. నలుగురిలో ఏమీ అనకుండా నా గ్లాసులో చక్కెర లేని టీ పోసి ఇచ్చేది. నాకు తెలిసి మా ఆసుపత్రి చుట్టుపక్కల గోప్యత అన్నది సక్రమంగా అమలైంది ఆ బండి దగ్గరే.

ఉత్తర్వుకు ముందు ఎండాకాలం ఆమెకు దగ్గు పట్టుకుని వదల్లేదు. నేనే బలవంతాన డాక్టర్ నస్రీన్ గారి దగ్గరికి తీసుకుపోయాను. టీబీ అని తేలింది. డాక్టరమ్మ చెప్పిన రోజే బండి మూసేసి చెల్లెలి ఊరికి పోయింది. రెండు నెలలు మందులు మింగి, తెమడ పరీక్షలో క్రిములు లేవని తేలి, ఇక ఎవరికీ అంటదని డాక్టరమ్మ చెప్పాకే వచ్చి పొయ్యి వెలిగించింది. ఇంకో నాలుగు నెలలు మందులు వాడాలి. ఊరికి మాత్రం చెల్లెలి కాలు విరిగిందని చెప్పింది.

"ఇడ్లీ మీద ఈగ వాల్తేనే ఏందిదని అడిగే జనం, మాలకొండయ్యా. నాకు టీబీ వచ్చిందంటే నా చేతి కూడు తింటారా?" అంది.

"తినరక్కా" అన్నాను. ఆమెతో అబద్ధం చెప్పలేకపోయాను.

ఆ బండి తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. అందుకే గోప్యత ఉత్తర్వు వచ్చిందంటే నాకంటే ఎక్కువ సంతోషించింది ఆమే.

ఉత్తర్వు ప్రకారం ప్రతి రోగీ ఒక పత్రం నింపాలి. తన జబ్బు సంగతి అందరికీ చెప్పవచ్చు అంటే మొదటి గడి, ఇంట్లోవాళ్ళకు మాత్రమే అంటే రెండో గడి, ఎవరికీ చెప్పవద్దంటే మూడో గడి. ఆవరణలో షామియానా వేశారు. చదువురాని వాళ్ళకు పత్రం బిగ్గరగా చదివి వినిపించాలనీ, ఇద్దరు సాక్షుల ఎదుట వాళ్ళ నోటితోనే చెప్పించాలనీ నియమం. సాక్షులంటే వరసలో వెనక నిలబడ్డ ఇద్దరు.

పెంచలమ్మ వంతు వచ్చింది. బల్ల మీదికి వంగి, "ఎవురికీ చెప్పబాకండయ్యా" అని గుసగుసగా అంది.

"బిగ్గరగా పలుకవలెను. సాక్షులకు వినిపించలేదు" అన్నారు ఏకాంబరం గారు.

"ఎవురికీ చెప్పబాకండి."

"ఏ వ్యాధి విషయము?"

ఆమె నా వైపు చూసింది. వెనక నిలబడ్డ పెద్దాయన చెవుడుకి చూపించుకోవడానికి వచ్చాడు. రెండో ఆమె పంటినొప్పితో కళ్ళు మూసుకుని ఉంది. చెప్పమని నేను సైగ చేశాను. చెప్పింది, నేను రాశాను, వేలిముద్ర వేసింది.

"ఇకపై మీ రహస్యమునకు ప్రభుత్వమే కాపలా" అన్నారు ఏకాంబరం గారు. ఆ రోజు నా ప్లేటులో రెండు ఇడ్లీలు ఎక్కువ పడ్డాయి.

వారం తిరిగేసరికి మూడో గడి ఎంచుకున్నవాళ్ళు నూట పన్నెండు మంది తేలారు. ఏకాంబరం గారు మళ్ళీ మీటింగు పెట్టారు.

"వీరి సంగతులు ఎవరికీ చెప్పరాదని సిబ్బందికి ఎట్లు తెలియును?"

"ఫైల్లో రాసుంటుంది గదండీ" అన్నారు సూపరింటెండెంటు గారు.

"ఫైలు చూడని సిబ్బంది మాటేమి? ఊడ్చువారు? అంబులెన్సు డ్రైవర్లు? సైకిల్ స్టాండు కాంట్రాక్టరు? ఎవరి సంగతి, ఏ సంగతి చెప్పరాదో ఎరుగనివాడు దానిని చెప్పక ఎట్లుండగలడు? మొదట తెలియవలెను. తెలిసిన పిమ్మటనే కదా దాచుట."

ఆ మాటలో ఎక్కడో తేడా ఉందని అందరికీ అనిపించింది, అది ఎక్కడుందో ఎవరికీ చిక్కలేదు. సూపరింటెండెంటు గారు సంతకం చేశారు.

మర్నాటికి ఆరు ఫ్లెక్సీలు వచ్చాయి. పైన ఎర్రటి అక్షరాలతో "ముఖ్య గమనిక: ఈ దిగువ కనబరచిన వ్యక్తుల వ్యాధులను గురించి ఎవరితోనూ ప్రస్తావించరాదు" అని ఉంది. కింద వరస నంబరు, పేరు, వీధి, వ్యాధి. ముప్పై ఎనిమిదో వరసలో "పెంచలమ్మ, ఇడ్లీ బండి, ఆసుపత్రి గేటు ఎదుట, ఊపిరితిత్తుల క్షయ."

"అయ్యా, ఇది అందరూ చదువుతారు గదయ్యా" అన్నాను.

"చదువనిమ్ము. ప్రస్తావించరాదని పైన వ్రాసినది కూడ చదివెదరు కదా" అన్నారు.

ఒక ఫ్లెక్సీ వరండాలో, ఒకటి మందులిచ్చే కిటికీ దగ్గర, ఒకటి క్యాంటీన్లో కట్టారు. ఒకటి సైకిల్ స్టాండుకు పోయింది. దానికి తాడు కట్టింది నేనే. చెయ్యనంటే ఏమయ్యేదో తెలియదు. చెయ్యననలేదు, అంతే. ఆ తాడు ముడి ఇప్పటికీ నా వేళ్ళకు గుర్తుంది.

దినపత్రిక కూడా అంత శ్రద్ధగా ఎవరూ చదివి ఉండరు. పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళు రెండు మండలాల నుంచి వచ్చి ఫోటోలు తీసుకుపోయారు. ఒక పంతులు గారు తన తోడల్లుడి పేరు దొరికినందుకు స్వీట్లు పంచబోయి ఆగారు. సైకిల్ స్టాండు కాంట్రాక్టరు ఒక్కడే ఉత్తర్వును అక్షరాలా పాటించాడు. బండి పెట్టిన ప్రతి మనిషికీ చీటీ ఇస్తూ, "ఆ పెంచలమ్మకు టీబీ అన్న సంగతి ఎవురితోనూ అనగూడదంట, మీరు కూడా ఎక్కడా అనబాకండి" అని విడివిడిగా, ఓపిగ్గా చెప్పాడు.

మూడో రోజుకు బండి దగ్గర మనిషి లేడు. పద్నాలుగేళ్ళు ఆమె చేతి ఇడ్లీ తిన్న నర్సమ్మలు బ్రెడ్డు ప్యాకెట్లు తెచ్చుకుని, తల తిప్పుకుని గేటు దాటుతున్నారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకూడదని రాసి ఉంది కదా.

పెంచలమ్మ ఏకాంబరం గారి గదికి వచ్చింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"నా పేరు తీసెయ్యండయ్యా. నాకే రహస్యమూ వద్దు. టీబీ వచ్చింది, అంటుకునే దశ పోయింది, డాక్టరమ్మను అడగండని నేనే అందరికీ చెప్పుకుంటా."

"ఐచ్ఛికము మార్చుకొనుటకు వీలున్నది. అయితే ఎవరి ఒత్తిడి వలననూ మార్చుకొనుట లేదని నిరూపింపవలెను. మీపై ఒత్తిడి ఏమైనా ఉన్నదా?"

"ఉండదా అయ్యా? పూటకు ఒక్కడు రాట్లా. పిండి పులిసిపోతా ఉంది. ఎట్టా బతకాల?"

"ఒత్తిడి ఉన్నదని మీరే ఒప్పుకొనుచున్నారు. కావున మీ దరఖాస్తు తిరస్కరింపబడినది. ఇది మీ రక్షణ కొరకే."

ఆమె బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. ఏడవలేదు. "వాళ్ళు నన్ను కాపాడతా ఉండారంట, తమ్ముడా. ఎప్పుడు ఆపుతారో అడుగు" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. లోపలికి పోయి ఏమైనా అనాలనుకున్నాను గానీ నా గొంతు అప్పటికి గుసగుసలకే అలవాటు పడింది.

నస్రీన్ డాక్టరమ్మ ఊరుకోలేదు. జాబితా తీసేయమని రెండుసార్లు రాశారు. దానికి ఫలితంగా ఏకాంబరం గారు వ్యాధుల పేర్లు తీయించి, వాటి చోట రంగు చుక్కలు పెట్టించారు. ఏ రంగు ఏ జబ్బో కింద పట్టికగా వేయించారు, సిబ్బంది సౌకర్యార్థం. ఆ తర్వాత డాక్టరమ్మ తనే రోజూ పొద్దున బండి దగ్గర నిలబడి, అందరికీ కనబడేలా ఇడ్లీ తినడం మొదలుపెట్టారు. జనం చూశారు. "డాక్టరమ్మ గదా, ముందుగా మందేదో ఏసుకుని తింటది" అనుకున్నారు.

ఈ లోపల జిల్లా నుంచి తనిఖీ బృందం వచ్చింది. ఫ్లెక్సీలన్నీ చూశారు. "ఇంత పారదర్శకమైన గోప్యతను మేమెచ్చటనూ చూడలేదు" అని పుస్తకంలో రాశారు. అద్దాల బోర్డు దగ్గర మాత్రం ఆగిపోయారు. అది ఖాళీగా ఉంది.

"ఒక్క ఉల్లంఘన కూడ లేదా? అట్లయిన పర్యవేక్షణ జరుగుచున్నదనుటకు ఆధారమేమి?"

ఏకాంబరం గారి ముఖం వాడిపోయింది. రాష్ట్ర స్థాయి ప్రశంసాపత్రం ఆ ఖాళీ బోర్డు దగ్గర ఆగిపోయిందని మాకందరికీ అర్థమైంది. ఆ రోజు నుంచి ఆయన స్తంభాల చాటున నిలబడి మా మాటలు వినడం మొదలుపెట్టారు.

పెంచలమ్మకు ఆరు నెలల మందులు పూర్తయ్యాయి. ఆఖరి పరీక్షలన్నీ చేసి, పూర్తిగా నయమైందని డాక్టరమ్మ చెప్పారు. ఆ మాట కాగితం మీద రాసిస్తే బండికి కట్టుకుంటానంది పెంచలమ్మ. ధ్రువపత్రం ఏదైనా గోప్యతాధికారి చూసి ముద్ర వేశాకే బయటికి పోవాలి. ఏకాంబరం గారు చూశారు.

"వ్యాధి తగ్గినది అనునది కూడ ఆరోగ్య సమాచారమే. ఈమె మూడవ ఐచ్ఛికము కోరినది. కావున గుర్తింపు వివరములను తొలగించి ఇవ్వవలెను."

నల్ల సిరాతో కొన్ని మాటలు కొట్టేసి ఇచ్చారు. మిగిలింది ఇది: "ఒకానొక వ్యక్తికి కలిగిన ఒకానొక వ్యాధి నయమైనదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." కింద గుండ్రటి ముద్ర.

పెంచలమ్మ దాన్నే బండికి కట్టింది. దారినపోయే ఒకాయన ఆగి చదివి, "ఇది నీదేనని ఏంది గ్యారంటీ?" అని వెళ్ళిపోయాడు. ఆమెకు జబ్బు ఉన్నప్పుడు ఊరంతటికీ వరస నంబరుతో సహా చెప్పిన ఆసుపత్రి, తగ్గిందన్న ఒక్క సంగతిని మాత్రం ప్రాణం పోయినా చెప్పేట్టు లేదు. ఆ ఒక్క రహస్యాన్నే కంటికి రెప్పలా కాపాడుకుంటోంది.

"సోమారం దాకా చూస్తా. తర్వాత బండి అమ్మేసి చెల్లెలి ఊరికి పోతా" అంది పెంచలమ్మ.

సోమవారం ఓపీ కిటకిటలాడుతోంది. ఏకాంబరం గారు మూడో స్తంభం వెనక ఉన్నారు. ఆయన బూట్లు కనబడుతూనే ఉన్నాయి. నేను బెంచీ ఎక్కాను. ఇన్ని నెలల తర్వాత గొంతు ఉందో లేదో అనుకున్నాను. ఉంది.

"ఇడ్లీ బండి పెంచలమ్మా! నీ టీబీ పూర్తిగా తగ్గిపోయిందీ! డాక్టరమ్మే చెప్పిందీ! నీ వల్ల ఎవురికీ ఏమీ అంటదూ!"

వరండాలో తలలన్నీ నా వైపు తిరిగాయి. తర్వాత మళ్ళీ ఎవరి మాటల్లో వాళ్ళు పడ్డారు. ఎవరూ లేచి బండి దగ్గరికి పోలేదు. అక్కా అని పిలిచే మనిషి కేకను ఎవరు నమ్ముతారు? ఆ సంగతి నాకూ తెలుసు. నేను కేకేసింది వాళ్ళకోసం కాదు.

స్తంభం వెనక నుంచి ఏకాంబరం గారు పెళ్ళి పందిట్లోకి వచ్చినట్టు వచ్చారు.

"బహిరంగ ఉల్లంఘన! మూడు వందల మంది సమక్షమున!" అన్నారు. నన్ను చూసి ఆయనకంత సంతోషం కలగడం అదే మొదటిసారి.

గంటలో విచారణ పెట్టారు. అక్కడ చిన్న చిక్కు వచ్చింది. "ఇతడు పలికినది సత్యమా, అసత్యమా? అసత్యమైనచో అది పుకారు మాత్రమే, గోప్యతా భంగము కానేరదు. వైద్యుల నిర్ధారణ కావలెను" అని నస్రీన్ డాక్టరమ్మను పిలిపించారు.

డాక్టరమ్మ నా వైపు ఒకసారి చూశారు. తర్వాత ఆ అద్దాల బోర్డు వైపు చూశారు. కాగితం అడిగి తీసుకున్నారు. ఆమె రాసే మందు చీటీలు మందుల షాపువాళ్ళకు కూడా అర్థం కావు. ఆ రోజు మాత్రం ఒకటో తరగతి పిల్లలు కూడా చదివేలా, తెలుగులో, పేజీ నిండా రాశారు. ల్యాబు రిపోర్టులు కూడా జతచేశారు.

సాయంత్రానికి మెమో అద్దాల వెనక ప్రత్యక్షమైంది.

"అటెండరు శ్రీ మాలకొండయ్య, ఆసుపత్రి గేటు ఎదుట ఇడ్లీ బండి నడుపుకొను శ్రీమతి పెంచలమ్మ గారికి క్షయ వ్యాధి సంపూర్ణముగా నయమైనదనియు, ఆమె వలన ఎవరికీ వ్యాధి సోకు ప్రమాదము ఎంతమాత్రము లేదనియు తెలుపు పరమ రహస్య సమాచారమును వెల్లడించి నేరమొనర్చినాడు. సదరు సమాచారము అక్షరాలా సత్యమని డాక్టరు గారు ధ్రువీకరించినారు. నిర్ధారణ పత్రము జతపరచడమైనది." కింద ఏకాంబరం గారి సంతకం, సూపరింటెండెంటు గారి సంతకం, రెండు గుండ్రటి ముద్రలు.

మా ఊళ్ళో మనిషి కేకను నమ్మరు గానీ ముద్రను నమ్మకపోవడమంటూ లేదు. మంగళవారం పొద్దున బోర్డు ముందు జనం. సైకిల్ స్టాండు కాంట్రాక్టరు కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. తిరిగి వెళ్ళి, వచ్చిన ప్రతి మనిషికీ చీటీ ఇస్తూ, "పెంచలమ్మకు పూర్తిగా తగ్గిపోయిందన్న సంగతి పరమ రహస్యమంట, ఎవురితోనూ అనబాకండి" అని చెప్పడం మొదలుపెట్టాడు. బుధవారానికి నర్సమ్మలు వచ్చారు, తలొంచుకుని. పెంచలమ్మ ప్లేట్లు అందించింది. అల్లం చట్నీ రెండోసారి వేసింది. గురువారం ఎనిమిదింటికే ఇడ్లీలు అయిపోయాయి.

ఎక్కడో ఏదో జరిగిందని సూపరింటెండెంటు గారికి అనుమానం వచ్చి, మెమో తీసేద్దామా అన్నారట. "ఉల్లంఘనను దాచుట మహాపరాధము. సంవత్సరాంతము వరకు ప్రదర్శింపవలెను" అన్నారట ఏకాంబరం గారు. ఆయన ప్రశంసాపత్రం ఆ నెలాఖరుకే వచ్చింది. ఫ్రేము కట్టించుకుని, మా జిల్లాకంతటికీ గోప్యతాధికారిగా వెళ్ళారు. అక్కడ ఇంకెన్ని బళ్ళు ఉన్నాయో తలుచుకుంటే భయమేస్తుంది.

నన్ను శిక్షగా మార్చురీకి వేశారు. పేరు పెట్టి పిలిస్తే పలికేవాళ్ళు లేని చోటు చూసి మరీ వేశారు. గేటుకు దూరం, పనికి నెమ్మది. పొద్దున పది దాటితే ఆకలేస్తుంది గానీ, డ్యూటీ వదిలి రోడ్డు దాకా పోవడానికి మొహమాటపడేవాణ్ణి.

ఆ ఇబ్బంది పెంచలమ్మే తీర్చింది. పద్నాలుగేళ్ళుగా ఆమె గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. ఇప్పుడు రోజూ బండి దగ్గర నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఆసుపత్రంతా మారుమోగేలా కేకేస్తుంది.

"మాలకొండయ్యా! ఇడ్లీ చల్లారిపోతా ఉండాయ్! నీకు షుగరు గదా, చక్కెర లేకుండా టీ పెట్టా, రా!"

మొదటి రోజే ఆ కేక మా వీధి దాకా పోయింది. సాయంత్రం ఇంటికి పోయేసరికి మైసూరుపాకు డబ్బా ఖాళీగా ఉంది. మా ఆవిడ దాన్ని కడిగి బోర్లించింది. మర్నాడు కేక వినపడగానే మార్చురీకి తాళం వేసి, టీకి వెళ్ళాను.